డబ్బా ముందు వెలిగిన అంకె

1998. గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టిన కొత్త. అప్పట్లో పట్నం నుంచి ఏ డబ్బా వచ్చినా "ఇంత స్పీడు ఎక్కడా దొరకదు" అనేవాళ్లు. వినీ వినీ నాకు విసుగొచ్చింది.

ఒకరోజు నేత పనిచేసే వెంకటేశం, ఆయన భార్య పద్మమ్మ ఒక కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చారు. వెంట దాన్ని అమ్మే వ్యాపారి కూడా వచ్చాడు. చీర అంచుల డిజైన్లు అందులో గీసుకోవాలని వాళ్ల ఆశ. బదులుగా ఆ సీజన్‌లో ఇంటిల్లిపాదీ నేసిన చీరలన్నీ ఇచ్చేయాలి. ఆ మూట పద్మమ్మ ఒళ్లోనే ఉంది.

"జర చూడన్నా. ముంగట 133 అని ఎలుగుతుంది. గీ కొట్ల ఉన్న నీ పాతదాన్ల 66 నే గద. గిది రెండింతలు ఉరుకుతదంట," అన్నాడు వెంకటేశం.

లెక్కలన్నీ చేసే చిప్‌ను ప్రాసెసర్ అంటాం. దాని వేగాన్ని మెగాహెర్ట్జ్‌లలో చెబుతాం. ముందు వెలిగే అంకె దాన్నే చూపాలి. నా పాత కంప్యూటర్‌ను పక్కన పెట్టి, రెండింటి చేతా ఒకే నెమలి అంచు గీయించాను. రెండూ ఒకేసారి ముగించాయి.

"కొత్తది గద, జర అలవాటు గావాలె," అన్నాడు వ్యాపారి, అత్తారింటికి వచ్చిన కోడలి గురించి చెప్పినట్టు.

మూత విప్పి చూస్తానన్నాను.

"సీలు తీస్తే మాల్ మీదే. నేను వాపస్ తీస్కోను."

వెంకటేశం భార్య వైపు చూశాడు. ఆమె మూట మీద చెయ్యి తీయకుండానే అంది: "విప్పనియ్యి. కండ్లు మూసుకొని ఎట్ల తీస్కుంటం?"

విప్పాను. అంకె వెలిగే పలక వెనక జంపర్లు ఉంటాయి, పిన్నులకు తొడిగే చిన్న తొడుగులు. వాటిని ఎలా పెడితే అంకె అలా వెలుగుతుంది. ప్రాసెసర్‌తో దానికి సంబంధమే లేదు. రెండు జంపర్లు మార్చేసరికి 133 కాస్తా 188 అయింది. ఫ్యాను తీసి చూస్తే చిప్ మీద 66 అనే ఉంది. వ్యాపారి తన డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు.

వెంకటేశం తల పట్టుకున్నాడు. "నూలు కట్ట మీద దారం ఎంత సన్నమో చెప్పే కౌంట్ ఉంటది. దాన్ని నమ్మే చీర నేస్తం. గిది గూడ గట్లనే అనుకుంటి," అన్నాడు. తర్వాత నా కంప్యూటర్ వైపు చూశాడు. "నీ పాతదే ఇయ్యన్నా. మెల్లగ నడిస్తే ఏంది, అబద్ధమైతే ఆడదు."

ఇప్పటికీ ఎవరు ఎంత వేగమని చెప్పినా, ముందు కొనేవాళ్ల పని దానితో చేయించి చూస్తాను. కానీ ఆ రోజు లోపల మోసం బయటపడకపోయి ఉంటే, సీలు తీశాం కాబట్టి మెల్లగా నడిచే ఆ డబ్బాకే ఆ ఇంటి కష్టమంతా నా వల్ల పోయేది. పేరూ ఊరూ లేని మెకానిక్‌ను నమ్మి పద్మమ్మ అంతటి మాట అంది. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.