రిమార్కుల గడిలో పురుగు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, మే నెలలో నన్ను భూగర్భజల శాఖ ఒంగోలు ఆఫీసుకు వేశారు. నా హోదా ఫీల్డ్ అబ్జర్వరు. అంటే జియాలజిస్టుకు కింద, డ్రైవరుకు పైన. చదువు పదో తరగతి. మిగతాది అధికారులు బదిలీ మీద పోతూ బీరువాల్లో వదిలేసిన పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. ఎంపిక చేసిన బావుల్లో ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నీటిమట్టం కొలవడం నా పని.

ఉక్కు టేపు చివరి మీటరుకు సుద్ద రాసి బావిలోకి దించుతాం. గట్టు మీది ఎర్ర గుర్తు దగ్గర పట్టుకున్న అంకెలోంచి సుద్ద తడిసిన మేర తీసేస్తాం. గట్టు ఎత్తు కూడా తీసేస్తే నేల నుంచి నీళ్లెంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. ఆ తర్వాత బరువు కట్టిన సీసా దించి పరీక్షకు నీళ్లు తీస్తాం.

చీమకుర్తి దాటాక ఒక పల్లెలో, మస్తాన్ వలీ అనే రైతు మిరప చేలోని బావి మా జాబితాలో ఉండేది. ఆ వేసవిలో పంచాయతీ బోరు ఎండిపోయి సగం పల్లె ఆ నీళ్లే తాగుతోంది. బావి అడుగంటడంతో నా సీసా నేలను తాకి పైకొచ్చింది. ఎండకు పట్టి చూస్తే అందులో నూకలో సగం కూడా లేని తెల్లటివి నాలుగైదు ఈదుతున్నాయి. ఫారం చివర రిమార్కుల గడి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అందులో "ఏమీ లేవు" అని తప్ప రాయని నేను, ఆ రోజు "నీటిలో పురుగులు ఉన్నవి" అని రాసి సంతకం పెట్టాను.

మిరప, పత్తి పండే ఈ నేలలో పురుగంటే ఒకటే అర్థం, మందు కొట్టి చంపవలసినది. నా కాగితం ఆఫీసు నుంచి మండలానికి, అక్కడి నుంచి పంచాయతీకి దిగేసరికి "పురుగులు పట్టిన బావి, పూడ్చవలెను" అయి కూర్చుంది. పూడ్చడానికి రాయికి కరువా? క్వారీల్లో పనికిరాని గ్రానైటు ముక్కలు గుట్టలు పడి ఉన్నాయి, ఎక్కడ పోద్దామా అని లారీలు చూస్తున్నాయి. నీటి పరీక్ష ఫలితం వచ్చిందా అని ఒక్కడూ అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మస్తాన్ ఫోను చేశాడు. "ఏం సారూ, మా తాత తవ్విన బాయి. మూడు తరాలు తాగాం. ఒక్కడికన్నా కడుపునొప్పి వచ్చిందా? ఏ పురుగు రాశావో వచ్చి చూపించు!"

అదేమిటో నాకు మాత్రం తెలుసా? ఆ నీళ్లదే ఇంకో సీసా నా బల్ల మీద ఉంది. దాన్ని పట్టుకుని గుంటూరు వెళ్లి, జంతుశాస్త్రం చెప్పే ఒక మేడం గారికి ఇచ్చాను. మైక్రోస్కోపు మీద వంచిన తల ఆమె చాలాసేపు ఎత్తలేదు. చివరికి, ఇది పురుగు కాదండీ, రొయ్యకు దూరపు చుట్టం అన్నారు. దానికి కళ్లు లేవు, రంగు లేదు. రాతి పగుళ్లలో ఊరే నీటిలోనే పుట్టి అక్కడే పోతుంది. వెలుతురులోకి రాదు, సముద్రంలో పడితే బతకదు. అలాంటిదానికి దగ్గరి బంధువులు ఆస్ట్రేలియా భూగర్భంలో ఉన్నాయట.

"సముద్రం దాటలేనిది అక్కడికెలా పోయిందమ్మా?" అని అడిగాను.

అది పోలేదు, నేలే పోయిందన్నారు. మన తూర్పు తీరం ఒకప్పుడు అంటార్కిటికాను ఆనుకుని ఉండేదనీ, దాని పక్కన ఆస్ట్రేలియా అనీ, గోండ్వానా అనే ఆ మహాఖండం పగిలినప్పుడు ఏ ముక్కలో ఉన్న ప్రాణులు ఆ ముక్కతో వచ్చేశాయనీ కాగితం మీద గీసి చూపారు. గోండ్వానా అన్న పేరు నేను చదవనిది కాదు. గనుల్లో బొగ్గు పొరలకు పెట్టిన పేరనుకున్నాను గానీ, అది మస్తాన్ బావిలో ఈదుతుందని ఎవరనుకుంటారు? మరి రెండు చేల అవతల నేను చూసిన ఇంకో బావిలో ఇవెందుకు లేవని అడిగాను. ఆ సంగతి తనకూ తెలియదన్నారు. నాకు తారసపడిన పెద్ద చదువుల వాళ్లలో తెలియదన్న మాట ఒప్పుకున్నది ఆమె ఒక్కరే.

మా అధికారిని దిద్దుబాటు చేయమంటే, "ఫారం వెళ్లిపోయింది. రాసింది మీరేగా?" అన్నాడు. అదీ నిజమే. మర్నాడు పరీక్ష ఫలితం వచ్చింది, నీళ్లు తాగడానికి తగినవేనని. ఆ కాగితం పట్టుకుని బస్సెక్కి నేను వెళ్లేసరికే ఒక లారీ రాయి బావిలో పడిపోయింది. రెండో లారీకీ గట్టుకీ మధ్య మస్తాన్ నులక మంచం వేసుకుని పడుకున్నాడు.

పంచాయతీ కార్యదర్శి పైనుంచి రద్దు ఉత్తర్వు కావాలన్నాడు. నా దగ్గరెక్కడిది? తెల్లకాగితం అడిగి తీసుకుని, "పురుగులని రాసినది తప్పు. అవి ఏమిటో తెలియక రాశాను" అని రాసి, పరీక్ష ఫలితం జతచేసి, హోదాతో సహా సంతకం పెట్టి ఇచ్చాను. అబ్జర్వరుకు ఆ అధికారం లేదు. తర్వాత మెమో వచ్చింది, జవాబిచ్చుకున్నాను. చేతికో కాగితం అందింది గనుక కార్యదర్శి లారీని వెనక్కి పంపాడు.

అది పురుగు కాదు, రొయ్య జాతి అని మస్తాన్‌కు చెప్పాను. మంచం దిగకుండానే, "పురుగంటే పూడ్చమన్నారు. రొయ్యంటే చెరువు లైసెన్సు తెమ్మంటారు! ఇంకే పేరూ పెట్టమాక సారూ" అన్నాడు.

బావి నిలిచింది. పల్లె మళ్లీ నీళ్లు తోడుకుంది. నవంబరు కొలతకు వెళ్తే సీసా గ్రానైటు ముక్కల మీద ఆగిపోయింది. తెల్లటివి రాలేదు. చచ్చాయో, పగుళ్లలోకి వెనక్కి వెళ్లాయో ఈనాటికీ నాకు తెలియదు.

రిమార్కుల గడిలో చూసింది రాయాలి, తెలియని దానికి తెలిసిన పేరు తగిలించకూడదు. నేను నేర్చుకున్నది అదే. మరుసటి ఏడు వేరే బావిలో అలాంటివే కనబడితే "తెల్లనివి, నూకలో సగం, ఈదుతున్నవి, పేరు తెలియదు" అని రాశాను. కొత్తగా వచ్చిన జియాలజిస్టు, తెలియదని రాస్తే పైనుంచి ప్రశ్న వస్తుందండీ అన్నాడు. రావడానికే రాశానని చెప్పాను.