మావయ్య వీణకు కొత్త స్క్రూ

గజపతినగరంలో ఉపేంద్ర డ్రిల్లు తగలని గోడ ఉందంటే ఆ గోడ ఇంకా కట్టలేదని అర్థం. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు, ఉపేంద్రే అన్నాడు. ఊళ్ళోవాళ్ళు కాదనలేదంతే.

బస్టాండు దాటాక మెయిన్ రోడ్డు మీద అతనిది హార్డ్‌వేర్ కొట్టు. లోపల మేకులు, తాళాలు, పైపులు అమ్ముతాడు. ముందున్న రేకుల పందిరి కింద బళ్ళు బాగుచేస్తాడు. ఇంటరు మధ్యలో మానేశాడు. అంతకుముందే వీణ పాఠం కూడా మానేశాడు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "నాను మానీలేదు, అవే నన్నందుకోలేక ఎనకబడిపోయాయి" అనేవాడు.

వైరు లేని పనిముట్లు చేతికొచ్చాక అతన్ని పట్టేవాడు లేకపోయాడు. బ్యాటరీ డ్రిల్లు, గ్రైండరు, చక్రాల నట్లు విప్పే ఇంపాక్టు రెంచి, స్క్రూలు దిగేసే ఇంపాక్టు డ్రైవరు, అన్నీ బల్ల మీద పెళ్ళివారి వెండి సామాను పేర్చినట్టు పేర్చేవాడు. రాయగడ పోయే లారీ చక్రం పట్టేసి, డ్రైవరూ క్లీనరూ పానా మీదెక్కి గెంతినా కదలని నట్టుని అతను ఒక్క నొక్కుతో ఊడదీసిన మాట నిజం. డ్రైవరు చెప్పిన టీ రాకముందే చక్రం మారిపోయిందన్నది కూడా దాదాపు నిజమే. కానీ ఉపేంద్ర చెప్పినప్పుడు, ఆ టీ ఆకు ఇంకా కొండ మీద కొయ్యనే లేదు.

తుపాను వచ్చి ఊరంతా కరెంటు పోయిన రోజుల కథ ఇంకొకటి. మెంటాడ దాకా ఎగిరిపోయిన రేకులన్నీ ఒక్క బ్యాటరీతో బిగించాడట. చివర్లో మిగిలిన చార్జింగుతో గడ్డం కూడా గీసుకున్నాడట.

"డ్రిల్లుతోటి గెడ్డమేటి బావా, సెవికి సిల్లడిపోలేదా?" అన్నాడు ఆటో పోతురాజు. పోతురాజుకి పొద్దున్న కొట్టు ముందు ఆటో ఆపి ఒక అబద్ధం వింటే గాని బేరానికి వెళ్ళబుద్ధి కాదు.

"నీ నోటికి తాళం బిగించడానికి దాసేను ఆ సార్జింగు. అయిపోనాది, ఏటి సేస్తాం."

గొప్పలు తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. వెనకటి రోజుల్లో గోడకి చిల్లు పెట్టాలంటే పక్కింటి నుంచి వైరు లాగాలి, అది అందకపోతే ఇంకో వైరు అతకాలి, అతికిన చోట చెయ్యి తగిలితే ఎగిరిపడాలి. ఇప్పుడు బ్యాటరీ టక్కున పెట్టడం, మీట నొక్కడం. మెల్లగా నొక్కితే మెల్లగా తిరుగుతుంది. సింకు కింద చీకట్లో దూరినా ముందున్న చిన్న దీపం దారి చూపిస్తుంది. కారు కింద పడుకుని మణికట్టు విరగ్గొట్టుకునే పని లేదు. నలభై దాటిన ఉపేంద్ర భుజాలు అందుకే ఇంకా భుజాల్లా ఉన్నాయి. ఆ పనిముట్లని అతను రోజూ సాయంత్రం తుడిచేవాడు. తన మొహం తుడుచుకున్నంత శ్రద్ధగా కాదు, అంతకంటే ఎక్కువ.

చంద్రశేఖరం అతనికి మేనమావ, తర్వాత పిల్లనిచ్చిన మావ. రామతీర్థం కోవెలలో ఏళ్ళ తరబడి వీణ వాయించి, ఇంటి దగ్గర పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేళ్ళు పట్టి నేర్పబోయి, "వీడికి చెవి ఉన్నాది, కూర్చోడమే లేదు" అని విడిచిపెట్టాడు. ఆ విద్య కూతురు ఆశ్రితకి వెళ్ళింది. ఆశ్రిత ఉపేంద్రని పెళ్ళికి ముందూ బావా అనేది, పెళ్ళయ్యాకా బావా అనే పిలిచింది. అతను చెప్పే కథలకు ఆ ఇంట్లో మొదట నవ్వేది ఆమే.

మావయ్యకి ఒక పక్క పడిపోయినప్పుడు ఉపేంద్ర మంచం దగ్గర నుంచి స్నానాల గదిదాకా గోడ పొడవునా స్టీలు కడ్డీ బిగించాడు. ముసలాయన పడుకుని అంతా చూశాడు.

"ఏదీ, ఒకసారి ఇలా తే."

పనిచేసే చేతిలో డ్రిల్లు పెట్టి, కింద చెక్కముక్క పట్టుకున్నాడు ఉపేంద్ర. ఆయన మీట నొక్కి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది నీకన్నా శ్రుతిలో ఉన్నాదిరా. పంచమం. అమ్మడూ, వీణ తే."

ఆశ్రిత వీణ తెచ్చి పంచమం తీగ మీటింది. కాస్త హెచ్చు తగ్గుగా కలిసింది. ఆయన మీట వదులుతూ నొక్కుతూ డ్రిల్లు చేత గమకం వేయించాడు. వంటింట్లోంచి వచ్చిన శ్యామలాంబ, "వయసుకి తగ్గ పనేనా అది" అని భర్తని కసిరి తనే నవ్వేసింది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ వేసవి దాటకుండా పోయాడు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గురువు పోతే ఆయన వీణ తీగలు వదులుచేసి, పట్టుగుడ్డ చుట్టి, ఏడాది ఎవరూ వాయించరు. ఆబ్దికం అయిన మర్నాడు వారసులు తీగలు బిగించి శిష్యుల ముందు వాయించాలి. అప్పటికి గాని పాఠం మళ్ళీ మొదలవదు. ఆ ఏడాదంతా ఆశ్రిత వాయించకపోవడం సరే, ఒక్క రాగమైనా కూనిరాగం తియ్యలేదు. ఉపేంద్ర కథలు చెబితే విన్నది, ఎక్కడ నవ్వాలో అక్కడ అతని మొహంకేసి చూసింది, లేచి వెళ్ళింది. పొయ్యి మీద అన్నం పొంగిపోతున్నా కిటికీ దగ్గరే నిలబడేది.

"ఆ వీణ మళ్ళీ దాని ఒళ్ళోకి వస్తే గాని మన పిల్ల మనకి రాదురా" అంది శ్యామలాంబ అల్లుడితో.

ఉపేంద్ర ఆ మర్నాటి కోసం బతికాడు. ముందు గదిలో కొత్త దీపాలు పెట్టాడు. ఆశ్రిత కూర్చోడానికి టేకు చెక్కతో ఎత్తు తక్కువ వేదిక చేశాడు. దాని మూలలు ఎంత నున్నగా వచ్చాయంటే, చీమ ఎక్కబోయి జారిపడి కాలు విరగ్గొట్టుకుందని పోతురాజుతో చెప్పాడు.

ఆబ్దికానికి కొద్దిరోజుల ముందు ఆశ్రిత పట్టుగుడ్డ విప్పింది. వీణ కుండ చివర తీగలన్నీ తగిలించే ఇత్తడి నాగపాశం ఉంటుంది. దాన్ని వేలితో కదిపి చూసింది.

"ఇది ఆడుతున్నాది బావా. తీగలు బిగిస్తే ఊడొస్తాది. బొబ్బిలి వెంకటరావు గారిని రమ్మను." వెంకటరావుది ఆ వీణ చేసినవాళ్ళ కుటుంబం.

"ఒక్క స్క్రూకి బొబ్బిలి నుంచి మనిషా?"

"నువ్వు ముట్టకు. ఇది లారీ కాదు."

ఉపేంద్ర ఫోను చేశాడు. ఎప్పటిలాగే ముందు నవ్వించాడు, కొట్టు గురించి చెప్పుకున్నాడు, చివర్లో వీణ మాట ఎత్తాడు. తను పెళ్ళిలో ఉన్నానని, వచ్చేవారం వస్తానని వెంకటరావు అన్నాడు. ఆ కబురు చెబితే ఆశ్రిత వీణకి గుడ్డ కప్పేసి, "అయితే తరవాత ఎప్పుడో వాయిస్తానులే" అంది.

ఆ 'ఎప్పుడో' అన్న మాట ఉపేంద్రని పట్టుకుంది. ఆబ్దికం మర్నాడు దాటిపోతే ఆమె ఇంక ఆ వీణ పట్టదనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు ఆబ్దికం సరుకులకి బజారుకి వెళ్ళారు. ఉపేంద్ర గుడ్డ తీశాడు. పాత స్క్రూ తుప్పుపట్టి వేలితో తిప్పితేనే వచ్చేసింది. చిల్లు అరిగిపోయింది. దానికన్నా లావుది, పొడుగుది ఏరాడు. చెయ్యాల్సింది బ్యాటరీ డ్రిల్లుతో. దాని మెడ చుట్టూ అంకెల రింగు ఉంటుంది, చాలినంత బిగువు రాగానే అదే కిటకిటమని జారి ఆగిపోతుంది. కానీ వేదిక పని చేసి చేసి దాని బ్యాటరీ చార్జింగులో ఉంది. బల్ల మీద ఇంపాక్టు డ్రైవరు సిద్ధంగా ఉంది. దానికి ఆగడం తెలియదు, లోపల సుత్తి పెట్టుకుని తిరుగుతుంది.

మీట మీద వేలు ఆనించాడంతే. స్క్రూ వెన్నలోకి దిగినట్టు దిగింది. నాగపాశం కదిపి చూశాడు, కదల్లేదు. అక్కడ ఆగిపోయినా సరిపోయేది. ఆశ్రిత బిగించేటప్పుడు గట్టిగా ఉండాలని ఇంకొక్కసారి నొక్కాడు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎండు చింతకాయ పెంకు విరిచినట్టు. స్క్రూ దగ్గర మొదలైన చీలిక చెక్క పొరవెంట కుండ పొట్ట మీదికి ప్రాకింది. అతను చూస్తుండగానే ఇంకాస్త ప్రాకింది. రెండు అరచేతులతో కుండని అటూ ఇటూ అదిమి పట్టుకున్నాడు, వదిలితే మొత్తం విడిపోతుందేమోనని. వాళ్ళు వచ్చేటప్పటికి అలాగే ఉన్నాడు.

"ఏటైంది బావా?"

నోరు తెరిస్తే కథ రావడం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం. అప్పుడూ వచ్చింది.

"ఎండకి చీలిపోనాది ఆశ్రితా. తీసి చూసేను కాబట్టి సరిపోయింది. ఈ ఏడాది ఎండ మామూలుదా, సాలూరు దగ్గర రైలు పట్టాలే వంకర పోయాయట, అలాటిది పనస చెక్క..."

ఆశ్రిత కింద కూర్చుంది. నాగపాశం మీద తళతళలాడుతున్న స్క్రూ చూసింది. పక్కన ఇంపాక్టు డ్రైవరు చూసింది. అతని చేతులు మెల్లగా విడదీసి, వీణ తన వైపు తీసుకుంది.

"నీ కథలన్నీ నాకిష్టం బావా. ఇది మాత్రం చెప్పకు."

కేక వేయలేదు. వేసి ఉంటే ఉపేంద్ర ఆ రాత్రి అన్నం తినగలిగేవాడు.

తెల్లవారి ఉపేంద్ర పోతురాజు ఆటోలో బొబ్బిలి బయలుదేరాడు. వీణ ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. పోతురాజు అద్దంలో చూసి, "ఏటి బావా, ఇయాల కథ లేదా?" అన్నాడు. ఉపేంద్ర చీలిక మీద అరచెయ్యి ఆనించాడు. పోతురాజు మరి అడగలేదు. ప్రతి గతుకు దగ్గరా ఆటోని చెయ్యి పట్టి నడిపించినట్టు నడిపాడు.

రాత్రి ఫోను అందుకున్న వెంకటరావు పెళ్ళి నుంచి ఇంటికొచ్చి కాచుకుని ఉన్నాడు. వీణ చేతిలోకి తీసుకుని చీలిక వెంట బొటనవేలు నడిపాడు.

"ముందు సన్న సిల్లు ఎయ్యకుండా లావు స్క్రూ దిగ్గొట్టీసేవు."

"అవును."

"ఇంకొకడి పని కాదు కదా?"

"నానే."

ఆ రెండు మాటల్లో ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

"ఇది ఒక్క దుంగలో తొలిసిన వీణ. అతుకెయ్యగలను, తీగల బరువుకి నిలుస్తాది. పలుకు మాత్రం నా సేతిలో లేదు." జిగురు డబ్బా అందుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఆబ్దికానికని ఆ రోజు ఫోన్లో ఒక్క ముక్క సెప్పుంటే, పెళ్ళి వదిలీసి వచ్చీవోణ్ణి కదా బాబూ. నీ కొట్టు సంగతులన్నీ సెప్పేవు, అదొక్కటి సెప్పలేదు."

ఉపేంద్ర వీధి అరుగు మీద కూర్చున్నాడు. వెంకటరావు జిగురు పెట్టి, తాళ్ళు చుట్టి బిగిస్తుంటే చూశాడు. సాయం పడతానని అనలేదు.

ఆబ్దికం మర్నాడు శిష్యులు వచ్చి కూర్చున్నారు. కొత్త దీపాల కింద, టేకు వేదిక మీద ఆశ్రిత కూర్చుంది. తీగలు బిగించింది. అతుకు నిలిచింది. తండ్రి వీణలో తీగ మీటితే నాదం వీధి మలుపు తిరిగేదాకా వెళ్ళేదని చుట్టుపక్కలంతా చెప్పుకునేవారు. ఇది ఉపేంద్ర కట్టిన కథ కాదు. ఆశ్రిత మీటింది. తీగ పలికింది. పలికి, ఆమె ఒళ్ళోనే పడిపోయింది. మళ్ళీ మీటింది. మళ్ళీ అంతే, తలుపు వేసిన గదిలో ఎవరో పిలిచినట్టు.

ఆనవాయితీ కోసం పిల్లల గీతం ఒకటి చివరిదాకా వాయించింది. ఎక్కడా తప్పలేదు. శిష్యుల్లో చిన్నవాళ్ళు కూడా తల ఊపకుండా విన్నారు. శ్యామలాంబ కొంగుతో మొహం కప్పుకుంది. ప్రసాదాలు పంచి, "వచ్చేవారం నుంచి రండి, కొత్త వీణ మీద చెప్తాను" అని ఆశ్రిత వాళ్ళని పంపేసింది.

గది ఖాళీ అయ్యాక ఉపేంద్ర వేదిక అంచున కూర్చున్నాడు.

"ఏదైనా అను ఆశ్రితా. తిట్టు."

"నిన్నేటని తిట్టను బావా. నాకోసమే చేశావని తెలుసు." ఆమె వీణ మీదే చెయ్యి ఉంచుకుంది. "నాన్న పోయినప్పుడు కూడా ఇది ఉన్నాది కదా అనుకున్నాను. ఏడాది అదే అనుకుంటూ ఉన్నాను. ఇవాళ పోయాడు నాన్న."

ఆమె తీగలు వదులుచెయ్యడం మొదలుపెట్టింది. తీగలు బిగించే బిరడా తిప్పుతుంటే ఒక్కో తీగ మూలిగి సాగిపోయింది. చివరి తీగ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ఉపేంద్ర బిరడా మీద చెయ్యి వేశాడు.

"ఎటు తిప్పాలి?" అన్నాడు.

ఆశ్రిత అతని చేతి మీద తన చెయ్యి పెట్టింది. ఇద్దరూ కలిసి తిప్పారు.