నీలం మందు, నా సిగ్గు

సిగ్గుతో చచ్చిపోయామనే వాళ్లను మీరు చూసే ఉంటారు. నా సిగ్గుకు మాత్రం మా ఆయన చావబోయాడు. ఆ ఘోరం చెబుతాను, వినండి.

ఎనభైల నాటి మాట. నాకు కొత్తగా పెళ్లయింది. జహీరాబాద్ దగ్గర మాకు అల్లం చేను ఉండేది. మా ఆయనకు తింటే కడుపులో మంట, తినకపోతే ఇంకా మంట. మా మామగారిని తీసుకుపోయింది కడుపు క్యాన్సరే. అందుకని కొడుకు తేన్చినా సరే, మా అత్తమ్మ ఉలిక్కిపడేది.

హైదరాబాద్ దవాఖానకు పోయాం. డాక్టరు ఆయన గొంతులోంచి గొట్టం దింపి, కడుపులో ఏదో మందు చల్లి చూశాడు.

"క్యాన్సర్ కనబడలేదు," అన్నాడు తర్వాత. "కానీ లోపలి పొర అక్కడక్కడ మారింది. బాగున్న చోట మందు రంగు కడిగితే పోతుంది, మారిన చోట పట్టుకుంటుంది. వదిలేస్తే ఎప్పటికైనా ముదరొచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపాం. ఏటా వచ్చి చూపించుకోండి."

'క్యాన్సర్' అన్న మాట చెవిన పడ్డాక మా ఆయనకు మిగతాదేదీ వినపడలేదు. నోరు కడుక్కోవడానికి వెళ్లాడు. అప్పుడు నర్సు నా చెవిలో, "రేపు ఆయనకు మూత్రం నీలంగ, పచ్చగ వస్తదమ్మా. మందు రంగే. భయపడొద్దని చెప్పు," అంది.

ఆయన పేరైనా పలకని దాన్ని, ఆ మాట ఎట్లా చెప్పేది? నా ముఖం పండుమిరపకాయ అయింది. దూరం నుంచి మా గుసగుసలూ, నా ముఖమూ ఆయన చూడనే చూశాడు.

బస్సెక్కాక అడిగాడు. "నర్సు ఏం చెప్పిందే?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే గట్ల తల దించుకున్నవేంది?"

"గాలి కొడుతుంది."

పటాన్‌చెరులో చెబుదామనుకున్నాను. సంగారెడ్డిలో నోరు తెరిచి మూసుకున్నాను. సదాశివపేటలో ఆయనే అడగడం మానేశాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా ఆలు చెప్పలేదు మరి!

తెల్లారింది. పెరట్లోంచి ఆయన గోడ పట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇటు రా," అన్నాడు. "అమ్మకు చెప్పకు. నా పని అయిపోయింది. ఒళ్లంత విషమెక్కింది. నేను పోతే ఈడ ఏడ్సుకుంట కూసోకు. మీ నాయిన ఇంటికి పో. మంచోణ్ణి చూసి మళ్ల పెండ్లి చేస్కో."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"విషం కాదు! మందు రంగు! నర్సు నిన్ననే చెప్పింది!"

"మరి బస్సుల ఎందుకు చెప్పలే?"

"బస్సుల మంది ఉండిరి."

"ఇంటికొచ్చినంక?"

"అత్తమ్మ ఉండె."

"అర్రల ఇద్దరమే ఉంటిమి గదనే!"

"మీరు ఉంటిరి."

ఆయన గోడకు చేరబడి నవ్వాడు. కడుపు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. మా ఇద్దరి మధ్యా మాటలు మొదలైంది ఆ పొద్దుననే.

ముక్క పరీక్షలోనూ క్యాన్సర్ రాలేదు. ఆపైన ఏటా వెళ్లేవాళ్లం. ఇంటినిండా జనం ఉండే కాపురంలో, ఆయన భుజం నాకు దొరికేది ఆ బస్సు సీట్లోనే. కడుపులో మారిన చోట్లు పెరగలేదు, ఇక ఏటా రానక్కర్లేదని డాక్టరు చెప్పిన రోజు ఆయన గంతేశాడు. నా ముఖం వాడిపోయింది.

"నాకు నయమైతే నీకు ఫికరేందే?"

"మళ్ల ఇద్దరం బస్సెప్పుడు ఎక్కుతం?"

ఆ తర్వాత బస్సెక్కడానికి ఆయనే ఏదో ఒక నెపం వెతికేవాడు. కడుపు ఆయన్ను ఏమీ చేయలేదు. ముసలితనంలో గుండె తీసుకుపోయింది.

కనుక మీ అందరి ముందూ ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ నర్సు ఏ రంగు చెప్పినా సిగ్గుపడను. నడిబస్సులో లేచి నిలబడి, డ్రైవరుకు కూడా వినపడేలా చెబుతాను. పక్క సీట్లో ఆయన ఉంటే చాలు.