జిన్ను లేని గ్లాసు

మల్లెమొగ్గలు మధ్యాహ్నం భోజనాలు కాగానే నీళ్ళలో వెయ్యాలి. అప్పటికే విచ్చిన పూలైతే తొందరగా రంగు మారి, నీళ్ళకు ఒకరకమైన వగరు పడుతుంది. కూజా మూతికి తడిగుడ్డ కట్టి నీడన పెడితే, ఎండ వాలేసరికి మొగ్గలు ఆ నీళ్ళలోనే విచ్చుకుంటాయి. షేక్‌పేట నుంచి తెచ్చిన లేత ముంజలు తోలు తీసి చేత్తో చిదిమి, నల్లద్రాక్ష రసం, పంచదార పాకం, నిమ్మరసం కలిపి ఐసు మీద పోసేవాళ్ళం. సగం గ్లాసు మల్లెనీళ్ళు. ఆ పైన జిన్ను. మద్రాసులో హోటలు బారులో పనిచేసే స్నేహితుడెవరో మా బావకు నేర్పాడట. అతను గులాబీనీళ్ళు పోసేవాడట. మల్లెలు మాత్రం బావ సొంత ఆలోచన.

సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు వస్తున్న కాలం అది. బావ సెట్లు వేయించే కళాదర్శకుడు. ఫిల్మ్‌నగర్‌లో బండలు పగలగొట్టి కట్టిన అద్దె ఇంట్లో అక్క, బావ, బడిలో పాఠాలు చెప్పుకునే నేను ఉండేవాళ్ళం. మా నాన్న గుంటూరు వైపు ఒక క్రైస్తవ సంఘానికి కాపరి, పాస్టరు. పొద్దున వాక్యం చదవందే మాకు కాఫీ దక్కేది కాదు. బావ కూడా బాప్తిస్మం పొందినవాడే. కానీ పెళ్ళయిన కొన్నాళ్ళకే మందిరం మానేశాడు. పనిలో చుక్క ముట్టేవాడు కాదు. సాయంత్రం డాబా మీద మటుకు గ్లాసు మీద గ్లాసు సాగేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో బావకు కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడ్డాయి. డాక్టరు ఆయన ఎదుటే చెప్పాడు, కాలేయం చాలావరకు పోయిందని, తాగుడు మానకపోతే మనిషి దక్కడని. బావ నవ్వేసి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అక్కను డాక్టరు పక్కకు పిలిచాడు. "ఒక్కసారిగా మాన్పించకండమ్మా, ఫిట్స్ వస్తాయి. ఆయనకిచ్చేది కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి" అన్నాడు.

అక్క సీసా ముట్టుకోదు. అందుకని ఆ పని నా మీద పడింది. ఇకనుంచి నేనే కలిపిస్తానని చెప్పినప్పుడు బావ డాబా అదిరేలా నవ్వాడు.

"పాస్టరుగారి కూతురు నాకు మందు కలుపుతుందా! ఏమేవ్, విన్నావా? క్రీస్తు రెండో రాకడ దగ్గరపడిందే!"

"మీరు పోస్తే పాకం ఎక్కువవుతోంది బావగారూ" అన్నాను. అది నిజమే.

ప్రార్థన చేసుకుని సీసా మూత తీసేదాన్ని. మొదటి వారం కొద్దిగా తగ్గించాను. తర్వాత ఇంకొంచెం. నిమ్మ పెంచి, ముంజలు పెంచి, చివరికి జిన్నులో వేలు ముంచి గ్లాసు అంచుకు రాయడం మాత్రం మిగిలింది. పెదవి ఆనగానే ఆ వాసన తగిలేది. సీసా ఖాళీ అవుతున్నట్టు కనపడాలి కనుక మిగిలినదంతా వంటింటి తూములో పోసేదాన్ని. ఆ తూము దగ్గర చీమలు కూడా తిరిగేవి కావు.

బావ చేతుల వణుకు తగ్గింది. రాత్రి పెరుగన్నం అడిగి మరీ తిన్నాడు. ఒకరోజు సెట్టు బొమ్మ గీస్తూ గీత తిన్నగా వస్తోందని అక్కను పిలిచి చూపించాడు. డాక్టరు పరీక్ష చేసి "ఏం చేస్తున్నారో అదే చెయ్యండి" అన్నాడు. అక్క ఆ రాత్రి మోకాళ్ళ మీంచి లేవలేదు.

మా సంఘం టోలిచౌకిలో ఒక ఇంటి హాల్లో కూడుకునేది. దేవుడు నీకు మేలు చేస్తే నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే ఆయన మహిమను దొంగిలించినట్టే అని మేం చిన్నప్పటినుంచి విన్నాం. అక్క వారాల తరబడి ఓర్చుకుంది. ఆ ఆదివారం అక్కడి పాస్టరుగారు సాక్ష్యాలు ఉన్నవాళ్ళను లేవమనగానే తను కదలడం చూసి కొంగు పట్టుకున్నాను. విడిపించుకుని లేచింది.

"నా భర్తను ప్రభువు తాగుడు నుంచి విడిపించాడు. రెండు నెలలుగా చుక్క లోపలికి పోలేదు" అంది. ఎలా అన్నది చెప్పలేదు. హాలంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. అక్క ఏడుస్తూ కూర్చుంది.

సాయంత్రం చల్లబడ్డాక పదిమందిదాకా కంజీర పట్టుకుని మా ఇంటికి వచ్చారు. విడుదలైన మనిషితో కలిసి కృతజ్ఞత ప్రార్థన చెయ్యడం మా సంఘంలో అలవాటు. అక్క గుమ్మంలో ఆపబోయింది. పాట అందుకున్నవాళ్ళను ఎవరాపుతారు? నేరుగా డాబా ఎక్కేశారు. బావ చేతిలో నేను అప్పుడే ఇచ్చిన గ్లాసు ఉంది.

సంఘంలోకల్లా పెద్దదైన షేక్‌పేట పెద్దమ్మ ముందుకొచ్చి ఆయన తల మీద చెయ్యి పెట్టింది. "జర తల వంచు బిడ్డా. రెండు నెల్లాయె మందు ముట్టక, నీ పెండ్లాం జెప్పింది. ఎంత సల్లటి మాటయ్యా!"

"ఎవరూ, నేనా?" బావ నవ్వుతూ గ్లాసు ఎత్తి చూపించాడు. "మరి ఇదేంటి పెద్దమ్మా, తీర్థమా?"

పెద్దమ్మ ఆ గ్లాసు లాక్కుని వాసన చూసి, ఒక గుక్క తాగింది. "ఏంది, సర్బత్తే గద!"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. గ్లాసు వెనక్కి తీసుకుని మొత్తం తాగాడు, నోట్లో కాసేపు ఉంచుకుని. తర్వాత నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. పాస్టరుగారికి అర్థమైనట్టుంది, ప్రార్థన రెండు మాటల్లో ముగించి అందరినీ దింపుకుపోయారు. సంఘమంతటికీ తెలిసిన విడుదల, విడుదలైన మనిషికి వాళ్ళు చెప్తే తెలిసింది.

బావ అరవలేదు. కిందికెళ్ళి సీసా తెచ్చుకున్నాడు. మల్లెనీళ్ళ కూజాను కాలితో పక్కకు జరిపాడు.

"ఊరందరి ముందూ నన్ను పిచ్చివెధవని చేశారు కదే" అన్నాడు అక్కతో.

"మీ ప్రాణం కోసమండీ. డాక్టరే చెప్పాడండీ."

"నా ప్రాణం గురించి నాకు తప్ప అందరికీ చెప్పావు."

అక్క ఆయన కాళ్ళ మీద పడింది. బావ నీళ్ళు కూడా కలపకుండా మందు పోసుకున్నాడు. ఆ తర్వాత పనికి కూడా సీసాతోనే వెళ్ళేవాడు. పాస్టరుగారు రెండుసార్లు వచ్చి గేటు దగ్గరే తిరిగి వెళ్ళిపోయారు. వానలు మొదలైన కొద్దిరోజులకు బావ రక్తం కక్కుకున్నాడు.

ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో కోపం పోయింది. ఒక మధ్యాహ్నం నేను తడిగుడ్డతో ఆయన పెదవులు తుడుస్తుంటే అక్కను పిలిచాడు.

"ఆ రెండు నెలలూ నిజంగా ఏమీ లేదా అందులో?"

"అంచుకు రాసిందేనండీ. అంతే."

"అంటే, అది లేకుండా నేను ఉండగలిగానన్నమాట." అక్క వైపు తిరిగాడు. "నాకు ముందే చెప్పాల్సింది. మందిరానికొచ్చి నేనే నిలబడి చెప్పేవాణ్ణేమో."

ఆయన మళ్ళీ మానాలని ఉందన్నాడు. ఇంటికెళ్ళగానే మానేస్తానని, ఈసారి తనకు తెలిసే జరగాలని అన్నాడు. అలాగేనండీ అంది అక్క. ఆయన ఇక ఇంటికి రాడని డాక్టరు అప్పటికే మాకు చెప్పి ఉన్నాడు. ఆ మాట కూడా మేం ఆయనకు చెప్పలేదు.