నేను రాసిన నాలుగు వాక్యాలు

నిన్న ఉదయం దీవెన ఫోన్ చేసింది. "అంకుల్, మమ్మీ లేదండి" అంది.

ఎక్కడికి వెళ్లారమ్మా అని అడిగాను.

ముప్పయ్యేళ్లుగా పేపర్లో చావు వార్తలు రాస్తున్నాను. అయినా ఆ మాట నాకు వెంటనే ఎక్కలేదు.

దీవెన వాళ్లమ్మ, మా సుగుణ టీచరు గారు. రాజోలులో డిగ్రీలో నా క్లాస్‌మేట్. హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. తెల్లవారుజామున గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఈ ఉదయం సమాధి చేశాం.

ఆమె పాఠాల గురించి చాలామంది రాస్తున్నారు. నేను రాయాల్సింది వేరే ఉంది. ఆమె అన్నయ్య సత్యం గారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

పదకొండేళ్లుగా ఆ అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

వాళ్లమ్మ చివరి రోజుల్లో సత్యం గారు విశాఖలో బ్యాంకు ప్రమోషన్ పరీక్షకు చదువుతున్నారు. "వాడి పరీక్ష అయ్యేదాకా చెప్పకు" అంది తల్లి. టీచరు గారు చెప్పలేదు. ఆయన వచ్చేసరికి పెట్టె మూత వెయ్యబోతున్నారు.

"అమ్మ చెప్పొద్దన్నా నేను చెప్పాల్సింది, అన్నయ్యా."

ఆమె చెప్పాలనుకున్నది ఈ ఒక్క మాటే.

దానికోసం జూన్‌లో ఫోన్‌లో ఏఐతో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అది అన్నయ్యలా మాట్లాడాలి, ఈమె తన మాట చెప్పాలి.

మొదటిసారి అమలాపురంలో మా ఇంట్లోనే చేశారు. మా ఆవిడ టీ తెచ్చేలోపే అది క్షమించేసింది. "బాధపడకు చెల్లీ, నా మనసులో ఏమీ లేదు" అంది.

టీచరు గారు పడీపడీ నవ్వారు. "ఇది మా అన్నయ్య కాదండి, మా పాస్టరు గారు. రిపోర్టరు గారూ, మావోడెలాంటోడో మీరే రాసిపెట్టండి. నేను రాస్తే ఏడుపొస్తాది."

రాశాను. తల్లి సమాధి అయ్యాక చెల్లెలింట్లో మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత చెల్లెలి ఫోన్ ఎత్తలేదు. మేనకోడలు దీవెన బాప్తిస్మానికి రాలేదు. ఏటా నవంబరులో సమాధుల పండుగ రోజు, చెల్లెలు రాకముందే తల్లి సమాధి దగ్గరికి వచ్చి వెళ్లిపోతారు.

నాలుగు వాక్యాలు. అన్నీ నిజాలే. ఒక్క విశేషణం వాడలేదు.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి అది, "చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పి ఎవరిని తీసుకొస్తావు?" అంది.

ఆమె టీ కప్పు కింద పెట్టేశారు. "ఆయ్, ఇప్పుడు అచ్చం మా అన్నయ్యేనండి" అన్నారు.

అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. దాచను.

తర్వాత ప్రతి ఆదివారం చర్చి అవగానే ఫోన్ చేసేవారు. "నిన్న కూడా ఓడిపోయేనండి. ఒక్కసారి నెగ్గితే చాలు, అమలాపురం వచ్చేస్తాను."

రిటైరై అమలాపురం వచ్చేసిన సత్యం గారి ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. నేనే తీసుకెళ్లి ఉండొచ్చు. "ఇంకొంచెం ప్రాక్టీసు చెయ్యండి" అన్నాను. ఒకసారి కాదు.

నిన్న సాయంత్రం టీచరు గారింటికి సత్యం గారు వచ్చారు. పెట్టె పక్కన చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చి నన్ను అడిగారు.

"నా గురించి ఎప్పుడైనా ఏమైనా అందాండి?"

దీవెనను అడిగి టీచరు గారి ఫోన్ తెచ్చి ఇచ్చాను. షామియానా కింద కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని చదివారు. జూన్ నుంచి మొన్నటిదాకా. చెల్లెలి మాటలూ, తన పేరుతో ఉన్న జవాబులూ.

ప్రతి ప్రాక్టీసు చివరా ఏఐ ఒక మాట రాసింది. "మీరు చెప్పినదాన్ని బట్టే ఇలా మాట్లాడాను. మీ అన్నయ్య గారు వేరేలా మాట్లాడవచ్చు. ఆయన్నే కలిసి చూడండి."

అది నాకూ చూపించేవారు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరికలా మేమిద్దరం దాన్ని దాటేశాం.

చదవడం అయ్యాక ఆయన ఫోన్ ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇంత మాట నేననేవోణ్ణి కాదండి. నేనిలాంటోణ్ణని దీనికెవరు చెప్పేరండి?"

"నేనేనండి" అన్నాను. నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను.

"అన్నీ నిజమేనండి" అన్నారు. "నన్ను చూస్తే ఏడుస్తాదని ముందే వచ్చెళ్లిపోయేవోణ్ణి. కొవ్వొత్తుల ప్యాకెట్లో సగం వెలిగించి, మిగతా సగం, అగ్గిపెట్టె అమ్మ దగ్గరే వదిలేసేవోణ్ణండి. చెల్లొచ్చి వెలిగించుకుంటాదని."

ఆ సగం ప్యాకెట్టు సంగతి నాకు తెలుసు. చర్చి వాచ్‌మన్ పెడుతున్నాడని టీచరు గారు అనుకునేవారు. ప్రతి క్రిస్మస్‌కీ అతనికి కేకు పంపేవారు. అతనూ కాదనలేదు.

ఎవరి మీద వార్త రాసినా వాళ్ల వివరణ తీసుకోవాలని కొత్త రిపోర్టర్లకు నేనే చెప్తాను. సత్యం గారిని మాత్రం అడగలేదు.

రెండు వీధులు.

"ఇప్పుడు చెప్పి ఎవరిని తీసుకొస్తావు?" నిన్నటి నుంచి ఆ మాట వినిపిస్తూనే ఉంది. సత్యం గారి గొంతులో కాదు, నా గొంతులో.

సమాధుల పండుగకు ఇంకా వారం ఉంది. ఈ ఉదయం మట్టి వేసి వస్తుంటే గేటు దగ్గర ఆయన ఆగారు.

"ఈసారి ప్యాకెట్టు మొత్తం నేనే వెలిగించాలండి" అన్నారు.

వెళ్లి రండి, టీచరు గారూ. మీ మాట అన్నయ్య గారికి చేరింది. ఇక మీకు నెమ్మది దొరకాలి.