కంప్యూటరుకు తెలిసిన మన లెక్కల సారు

మన లెక్కల సారు మొన్న శుక్రవారం ఉదయం పోయారు. సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళేలోపే ఇది రాయాలి. ఎందుకంటే, కిందటేడు ఆయన పోయారన్న మాట ఎదురుగా ‘తప్పు’ అని పెట్టింది నేనే.

నా ఉద్యోగం కంప్యూటరుకు చదవడం నేర్పే పని. అది నెట్‌లో ఉన్న పేజీలు చదివి, ఎవరు ఎవరో, ఏది ఎక్కడుందో సంగతులు ఏరుకుంటుంది. ఏరిన ఒక్కో సంగతినీ నేను ఆ పేజీతో సరిచూసి ఒప్పో తప్పో పెట్టాలి. ఒకరోజు సారు పేరు వచ్చింది. మన బడి పేజీలో ఆయన పేరు చదివింది. మాచర్లలో అదే పేరున్న మరో మాస్టారు పోయిన వార్తా చదివింది. ఇద్దరూ ఒక్కరే అనుకుని, మన సారు పోయారని రాసుకుంది.

నాకు నవ్వొచ్చింది. ఆ ఆదివారం సారు ఇంటికి వెళ్ళి చెప్పాను. వంగ మొక్కలకు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు.

“ఓరి దీని దుంపతెగ! బతికే ఉన్నానని నేను చెబితే నమ్ముద్దా?”

“మీరు చెబితే దానికి వినపడదు సార్. ఎక్కడన్నా రాసుండాలి.”

“నా గురించి ఇంకేం తెలుసంట?”

“మన బడిలో పనిచేశారని.”

“అంతేనా?”

“అంతే సార్. నేను రాస్తాలెండి ఓ పేజీ.”

నవ్వి, ఖాళీ చెంబు మళ్ళీ నీళ్ళలో ముంచారు. “రాస్తే నువ్వు చూసిందే రాయమ్మా” అన్నారు.

క్లాసులోనూ అదే మాట కదా. ఏ జవాబు చెప్పినా, “నువ్వు చూశావా, ఎవరన్నా చెప్పారా?” త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే నూట ఎనభై అని పుస్తకంలో ఉన్నా ఊరుకోలేదు. కాగితం త్రిభుజం మూలలు చింపించి, పక్కపక్కన పెట్టించి, తిన్నని గీత అయ్యాకే ఒప్పుకోనిచ్చారు.

ఎనిమిదో తరగతిలో అమ్మ నన్ను బడి మాన్పించి మిరప కోతలకు తీసుకెళ్ళింది. మా ఇంట్లో అప్పటిదాకా చదువుకున్నవాళ్ళు లేరు. సారు సైకిలు గట్టు మీద పడేసి చేలోకే వచ్చేశారు.

“ఏందమ్మా, పిల్ల బడికి రావట్లా?”

“చదివి ఏం జేసిద్ది సారూ?”

“నాకూ తెలవదు. పంపు, చూద్దాం.”

పెద్ద ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టలేదు. అమ్మకు అదే నచ్చినట్టుంది. మర్నాడు పంపింది.

ఆ పేజీ నేను రాయలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే ఏడాది గడిచింది. సోమవారం సారు పేరున్న ఆ వరుస తెరిచి, ‘తప్పు’ తీసేసి ‘ఒప్పు’ పెట్టాలి. చెయ్యి రాకపోయినా పెడతాను. కానీ ‘బడిలో పనిచేశారు’, ‘పోయారు’. ఆయన గురించి ఈ రెండు ముక్కలే మిగలనివ్వడం నావల్ల కాదు.

ఈ బడి పేజీ చదువుతున్న మీరందరూ ఆయన దగ్గర చదివినవాళ్ళే. సారు గురించి మీరు కళ్ళారా చూసింది ఒక్కటి, విన్నది వద్దు, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా ఇక్కడే కింద రాయండి. నేను చూసింది ముందు రాస్తున్నాను: మిరప చేలో ఆయన అమ్మతో మాట్లాడుతున్నారు. గట్టు మీద పడి ఉన్న సైకిలు వెనక చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.