బాబాయి చెక్కిన మడమ

మా బాబాయి పోయారని రాజోలు నుంచి పిన్ని ఫోన్ చేసేసరికి నేను కువైట్‌లో, అహ్మదిలో డ్యూటీ దిగి కంపెనీ బస్సు ఎక్కుతున్నాను. ఫహాహీల్ వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. దాంతోపాటే గర్వమూ వచ్చింది. దాచుకోవడమెందుకు?

ఫహాహీల్‌లోని ఒక వేట సామాన్ల దుకాణంలో ఆయన వడ్రంగి. తుపాకీకి మడమ, అంటే భుజానికి ఆన్చుకునే చెక్క భాగం, చెక్కేవారు. జీవితంలో ఒక్క గుండూ పేల్చలేదు. "మనది కాల్చే పని కాదురా అబ్బాయ్, కుట్టే పని. చొక్కాకున్నట్టే దీనికీ కొలతుంటాది" అనేవారు. కొలత తీసేముందు మనిషిని కూర్చోబెట్టి టీ ఇచ్చేవారు. గ్లాసెత్తేటప్పుడు మెడ ఎటు వాలుతుందో, మోచెయ్యి ఎంత లేస్తుందో ఓరకంట చూసుకునేవారు. డ్యూటీ దిగి దుకాణానికి వెళ్తే ఒక్కోసారి నన్నూ అలాగే చూస్తుంటే టీ గొంతు దిగేది కాదు.

ఒక కువైటీ పెద్దాయన ఆఫ్రికాలో అడవిదున్నల వేటకని పెద్ద రైఫిల్ చేయించుకోవడానికి వచ్చారు. గుర్రం మీంచి పడి కుడిభుజం దెబ్బతిన్న మనిషి. అంత తుపాకీ వెనక్కి తన్నితే ఆ భుజం ఆగదని మిగతా దుకాణాల పనివాళ్ళు తిప్పి పంపేశారట. ఇనుప భాగమంతా విదేశం నుంచి వస్తుంది, మడమ మాత్రం ఆ భుజానికి తగ్గట్టు ఇక్కడే కుదరాలి. బాబాయి ఆ భుజం తడిమి చూసి, నొప్పి రానివ్వనని మాటిచ్చేశారు. నేను కంగారుపడితే, "పాలిచ్చే గేదే తన్నుద్ది. ఎక్కడ కూకోవాలో తెలిత్తే చాలు" అన్నారు.

వారాల తరబడి అక్రోటు కర్ర చెక్కారు. తీరా నూనె పట్టించేముందు తడిగుడ్డతో తుడిస్తే పిడి దగ్గర వెంట్రుకంత చీలిక! ఆరితే ఎవరికీ కనబడదు.

"జిగురు పెట్టి పాలిష్ కొట్టెయ్, ఖలాస్. ఈ బేరం పోతే నువ్వూ ఇంటికే" అని హిందీలో కసిరాడు దుకాణం యజమాని.

బాబాయి నావైపు తిరిగి, "మడమ సేసేవోడే మడమ తిప్పేత్తే ఎలాగరా?" అన్నారు.

పెద్దాయన రాగానే ఆయన కళ్ళముందే కర్రను మళ్ళీ తడిపారు. కాసేపటికి చుట్టూ ఆరిపోయింది, గీత మాత్రం నల్లగా నిలిచింది. గట్టిగా తన్నితే ఇక్కడే విరుగుతుందని, ఇంకోటి చేస్తానని వచ్చీరాని అరబ్బీలో చెప్పారు. పెద్దాయన ఆ గీతను గోటితో గీరి చూశారు. చివరికి "శ్వయ్ శ్వయ్" అని బాబాయి వీపు తట్టారు. నిదానంగానే కానివ్వమని, వేట వాయిదా వేసుకుని వెళ్ళారు.

రెండో మడమతో ఆఫ్రికా వెళ్ళొచ్చాక, పెద్దాయన దుకాణంలో అందరిముందూ గుండీలు విప్పి భుజం చూపించారు. కమిలిన మచ్చయినా లేదు. ఆరోజు నేను నేల మీద నడవలేదు.

బాబాయి ఇంటికి వెళ్ళిపోయేటప్పుడు ఆ చీలిక పడ్డ మడమ నాకిచ్చారు. "ఇమానంలో పట్టుకెల్తే దీంతోపాటు నన్నూ దించేత్తార్రా" అని నవ్వారు. అప్పట్నుంచీ అది నా గది తలుపుకు అడ్డు.

ఈరోజు పలకరించడానికి మనవాళ్ళు వస్తూ పోతూ ఉంటే, తలుపు బార్లా తీసి దాన్నే అడ్డం పెట్టాను. అందరూ వెళ్ళాక, దుమ్ము పట్టిందని తడిగుడ్డతో తుడిచాను. కర్రంతా ఆరిపోయింది. గీత ఒక్కటే ఇంకా తడిగా ఉంది.